పాము తినని వానాకాలం

నాన్న ఆ పాముపిల్లను తెచ్చిన రోజు ఇంట్లో నాయనమ్మ, వదిన, నేను ఉన్నాం. నాయనమ్మ బెన్వీందా పొయ్యి పక్కన కూర్చుని చుట్ట కాలుస్తోంది. వదిన లిందాల్వా కర్రపెండలం దుంపలకు తొక్క తీస్తోంది. నేను ఆమెకు ఎదురుగా కూర్చుని తీసిన దుంపలు కడుగుతున్నాను. అన్న అదాల్తు లేడు. ఎండలు ముదరకముందే బంగారం తవ్వుకునే చోటికని నది ఎగువకు వెళ్ళాడు, వానలు మొదలైనా రాలేదు. అతను పడుకునే ఊయల చుట్ట చుట్టి కొక్కేనికి వేలాడుతోంది. దుమ్ము పడుతోందని వదిన అప్పుడప్పుడు దాన్ని విప్పి, దులిపి, మళ్ళీ చుట్టేది.

అప్పటికే నీళ్ళు గట్టు దాటి ఇంటి స్తంభాల మొదళ్ళు తడుపుతున్నాయి. నీళ్ళు పెరిగితే నేల మీద బతికేవన్నీ పైకెక్కుతాయి. ఎలుకలు అన్నిటికంటే ముందు మా పిండి కొట్టు ఎక్కుతాయి. దుంప తురిమి, రసం పిండేసి, పెద్ద పెనం మీద వేయించి బుట్టలకెత్తిన పిండే మాకు తిండి, అమ్ముకోవడానికి ఉన్నదీ అదే. అందుకే మా వైపు ప్రతి పిండి కొట్టు దూలం మీదా ఒక కొండచిలువ ఉంటుంది. కొందరి ఇంట్లో పిల్లి ఉన్నట్టు. మా పాత పాము ఆ ఎండాకాలంలో ఎటో వెళ్ళిపోయింది.

నాన్న బుట్ట మూత తీసి, "ఇదిగో, కొత్త కాపలాదారు," అన్నాడు.

అది నా బొటనవేలంత లావుంది. పొడవు ఒక మూర ఉంటుందేమో. ముద్దలా చుట్టుకుని, తల ఆ ముద్ద మధ్యలో దాచుకుంది.

నాయనమ్మ తొంగి చూసింది. "ఇదా? దీన్ని ఎలుకే తినేసి పోతుంది తియోదోరూ."

"పెరుగుతుందమ్మా. నువ్వు పుట్టినప్పుడూ మీ వాళ్ళు ఇలాగే అనుకుని ఉంటారు."

"నేను పుట్టగానే ఏడ్చాను. ఇది కదలనైనా కదలదు."

వదిన నవ్వి, చేతులు కడుక్కుని వచ్చి, పాముపిల్లను రెండు చేతులా ఎత్తింది. వాళ్ళ నాన్న కాయల కొట్టులో ఇలాంటివాటిని పెంచాడట. అది ఆమె మణికట్టుకు చుట్టుకుంది. "పట్టుకుంటావా నిల్జా?" అని అడిగింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"చూడు, దీనికీ నీలాగే సిగ్గు. తల ఎత్తమంటే ఎత్తదు. మీ ఇద్దరికీ బాగా పడుతుంది."

ఆ సాయంత్రం నాన్న బోనులో పడ్డ ఎలుకను తెచ్చి బతికుండగానే బుట్టలో వేయబోయాడు.

"మామయ్యా, అలా వేయకండి," అంది వదిన. "చంపి పెట్టండి. ఎలుక కొరికితే చిన్న ప్రాణం, తట్టుకోలేదు."

"పాముకి ఎలుకను పట్టడం మనం నేర్పాలా అమ్మా?" అని నాన్న ఎలుకను వేసి, మూత పెట్టి, పైన రాయి పెట్టాడు.

పొద్దున చూస్తే ఎలుక ఓ మూల కూర్చుని మీసాలు తుడుచుకుంటోంది. పాము పెదవి ఒక పక్క చీలి, రక్తం ఎండి నల్లగా ఉంది. నాన్న ఎలుకను తీసి నీళ్ళలోకి విసిరేశాడు. వదిన ఉప్పు వేసి కాచిన నీళ్ళు చల్లార్చి, గుడ్డతో ఆ గాయం తుడిచింది.

గాయం మానింది కానీ అది తినలేదు. చిన్న ఎలుకపిల్లను పెట్టాం, తినలేదు. పిట్టపిల్లను పెట్టాం, అటు చూడనే లేదు. పాము తినడం లేదని తెలిసి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు దోనెలు వేసుకుని చూడవచ్చేవారు. వచ్చిన ప్రతివాళ్ళూ దాన్ని ఎత్తి, నోరు తెరిచి చూసి, పొట్ట నొక్కి, మళ్ళీ బుట్టలో వేసేవారు. అది ప్రతిసారీ తల దాచుకునేది.

ఈలోగా కొట్టులో బుట్టలకు కన్నాలు పడ్డాయి. అడుగు బుట్టల్లోంచి పిండి సన్నగా కారి నేల మీద గీతలు గీసేది. నేను అది ఊడ్చేదాన్ని.

నాన్న వలకు కూడా చేప తగలడం మానేసింది. నీళ్ళు అడవిలోకి ఎక్కితే చేపలు చెట్ల మధ్యకు పోయి చెదిరిపోతాయి. ఏటా అంతే. ఆ ఏడు మాత్రం అది ఏటా జరిగేదేనని ఎవరూ అనలేదు.

జురేమా పిన్ని మా పొరుగావిడ. వాళ్ళింట పెనం పగిలింది, అందుకని మా పెనం మీద పిండి వేయించుకోవడానికి వచ్చేది. ఒకరోజు తెడ్డుతో పిండి కలుపుతూనే, "బెన్వీందక్కా," అంది, "పాము మెతుకు ముట్టదు. వలకు చేప తగలదు. ఇది నాకు మామూలుగా కనపడ్డం లేదు."

నాయనమ్మ చుట్ట నోట్లోంచి తీసింది. "పనేమా," అంది.

మా వైపు ఆ మాట ఎవరూ తేలిగ్గా అనరు. వేటగాడికి, వలకు, వేటకుక్కకు పట్టే చేటు అది. అది పట్టినవాడి గురి తప్పుతుంది, కుక్క వాసన పట్టలేదు, వల బరువెక్కదు. అది ఊరికే రాదు. కడుపుతో ఉన్న ఆడది ఆ సంగతి దాచి వల దాటితేనో, కుక్కను నిమిరితేనో, వేటగాడు తెచ్చింది తింటేనో వస్తుంది. కుక్కకు పట్టేది పాముకు మాత్రం ఎందుకు పట్టదు? అదీ వేటాడే ప్రాణమే.

జురేమా పిన్ని తెడ్డు ఆపి వేళ్ళు మడిచింది. "ఇంట్లో ఆడవాళ్ళెవరు? నువ్వు. నీ కాలం అయిపోయింది. ఇదిగో ఈ నిల్జా. దీనికి మగాడు ఎదురొస్తే స్తంభం చాటుకు పోతుంది. ఇంక..."

"వేళ్ళు అయిపోయాయా పిన్నీ?" అంది వదిన. ఆమె తురుము పలక దగ్గర ఉంది, చెయ్యి ఆపలేదు. "కాళ్ళవి కూడా ఉన్నాయిగా, లెక్కపెట్టు."

"నేను నిన్నేమన్నానమ్మా? పాము అంటోంది."

"పాముకి నోరు లేదు. ఉంటే ఎలుకని తినేది."

"మొగుడు వెళ్ళి ఎన్నాళ్ళయింది లిందాల్వా?" అని నాయనమ్మ నెమ్మదిగా అడిగింది. "వాడి బిడ్డే అయితే ఈపాటికి పొట్ట కనపడాలి."

వదిన చెయ్యి అప్పుడు ఆగింది. దుంప చివర దగ్గర వేలు తెగి తురుములో రక్తం చుక్క పడింది. ఆమె అంత మేర తురుము తీసి అవతల పారేసి, వేలు నోట్లో పెట్టుకుంది.

"పామును మొదట ముట్టుకున్నది నువ్వే," అంది నాయనమ్మ.

ఆ రోజునుంచి వదిన పిండి కొట్టులోకి వెళ్ళకూడదు. వల దాటకూడదు. నాన్న పట్టిన చేప తినకూడదు. ఎప్పుడైనా ఒకటో రెండో దొరికితే మా మూడు కంచాల్లోనే పడేవి. వదిన పిండిలో అసాయి పండ్ల రసం పోసుకుని తినేది. మా ఎదురుగానే కూర్చుని తినేది. వేరే కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి.

నాన్న కంచంలోకి చూస్తూ, "కొన్నాళ్ళేనమ్మా," అన్నాడు. "పాము ఒక్కసారి తిన్నదంటే మాట్లాడేవాళ్ళంతా నోరు మూసుకుంటారు. తింటే ఏమీ లేదనేగా."

"తినకపోతే మామయ్యా?"

నాన్న నీళ్ళు తాగాడు.

చేటు పట్టిన కుక్కకు ఎండు మిరపకాయల పొగ వేస్తారు. పాముకూ అదే వేయాలని నాయనమ్మ అంది. కొట్టు బయట నాన్న కుండలో నిప్పులు పోశాడు. నాయనమ్మ మిరపకాయలు, చెదపుట్ట ముక్క, ఏదో పిట్ట ఈకలు వేసింది. బుట్టను కుండ మీద పెట్టి పైన తడి గోనె కప్పారు. నాకు దగ్గు ఆగలేదు. నాయనమ్మ పెదవులు కదులుతున్నాయి, దేవుడి మాటలో మరేవో తెలియలేదు. బుట్ట లోపల తోక అల్లికకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. తరువాత వినిపించలేదు.

వంటింటి కిటికీలోంచి వదిన అరిచింది. "నిల్జా, తీసేయ్! అది చచ్చిపోతుంది, తీసేయ్!"

నేను నాన్న వైపు చూశాను. నాన్న నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ కళ్ళు మూసుకుని ఉంది. అప్పుడు నాన్నే గోనె లాగేసి, బుట్టను కాలితో పక్కకు తన్నాడు.

పాము నోరు తెరుచుకుని తాడులా పడి ఉంది. ఏం చెయ్యాలో తెలియక దాన్ని ఎత్తి మెట్ల దగ్గరకు తీసుకుపోయి నీళ్ళలో ముంచాను. నేను దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. కాసేపటికి నాలుక బయటకు వచ్చింది. నాకు సంతోషంగా అనిపించాలి. ఏమీ అనిపించలేదు. చేతులకు అంటిన కారం మాత్రం మర్నాటిదాకా మండింది.

"ఇక దీని సంగతి నువ్వే చూసుకో," అన్నాడు నాన్న నాతో. "నీతో దీనికి పేచీ ఏమీ లేదు."

అలా అది నాకు వచ్చింది. ఏం చెయ్యాలో నాకు తెలియదు, తెలిసిన మనిషి కొట్టులోకి రాకూడదు. బట్టలు ఉతికే బల్ల దగ్గర, నీళ్ళలో మోకాళ్ళ వరకు దిగి, వదిన అడక్కుండానే చెప్పేది. నా వైపు చూసేది కాదు, గుడ్డలు బల్లకేసి కొడుతూ చెప్పేది.

"ముందు దాన్ని వదిలేయ్. ఎత్తకు, చూడకు, మూత తీయకు. దానికి ఒక ఇల్లు కావాలి. పగిలిన కుండ పెంకు బోర్లా పెట్టు, అందులో దూరుతుంది. నీళ్ళ గిన్నె పెట్టు. బుట్ట పెనం పొయ్యికి ఆనుకున్న గోడ వైపు జరుపు, ఒక పక్క వెచ్చగా ఉండాలి, రెండో పక్క చల్లగా ఉండాలి. దానికి ఎటు కావాలంటే అటు పోతుంది."

"ఆకలితో చచ్చిపోదా వదినా?"

"పాము ఆకలికి అంత తొందరగా చావదు. మనుషులు దాని మొహంలో మొహం పెట్టి తిను తిను అంటే చస్తుంది."

నేను అలాగే చేశాను. చూడవచ్చిన వాళ్ళతో పాము నిద్రపోతోందని చెప్పాను. జురేమా పిన్ని మూత తీయబోతే బుట్ట ముందు నిలబడ్డాను. అంతకుముందు నేను ఎవరి దారికీ అడ్డం నిలబడలేదు.

"అబ్బో," అంది ఆమె. "ఈ పిల్లకు పళ్ళొచ్చాయే."

కొన్నాళ్ళయ్యాక వదిన ఎలా పెట్టాలో చెప్పింది. "చిన్న ఎలుక కావాలి. పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటు ఎంతుందో అంతే ఉండాలి, మించకూడదు. చంపి పెట్టు. వెదురు బద్ద చీల్చి దాంతో పట్టుకో, వేళ్ళతో వద్దు. చేపలు కాల్చే బద్ద కాదు, కొత్తది కోసుకో. నీ చేతికి ఎలుక వాసన ఉంటే నీ వేలే ఎలుక అనుకుంటుంది. తప్పు దానిది కాదు."

"చల్లగా ఉంటే తినదా?"

"చల్లబడ్డది దానికి రాయి. పెనం అంచున పెట్టు, కాల్చకు. బతికున్నంత వెచ్చగా ఉండాలి."

మొదటిసారి నేను బద్దతో ఎలుకపిల్లను పెంకు ముందు పట్టుకుని చెయ్యి నొప్పి పుట్టేదాకా కూర్చున్నాను. తల బయటకు రాలేదు. రెండోసారి వచ్చింది. నాలుక ఆడించింది, వెనక్కి పోయింది. ఆ మాట చెబితే వదిన ఉతకడం ఆపి నా వైపు తిరిగింది. "నాలుక ఆడించిందా? అయితే తింటుంది. తింటుంది నిల్జా."

ఆమె అంత గట్టిగా మాట్లాడటం చాలా రోజులకు విన్నాను. అప్పుడు నాకు తెలిసింది, ఆమె కూడా దాని కోసం ఎదురుచూస్తోందని.

కానీ ఆ తరువాత పాము కళ్ళ మీద పాలపొర కమ్మింది. ఒళ్ళంతా బూడిద పట్టినట్టు అయింది. నాయనమ్మ చూసి, "గుడ్డిదైపోయింది," అంది. "ఇంకెన్నాళ్ళో ఉండదు. అందరం చూస్తూ ఉండగా చస్తుంది, అప్పుడు తెలుస్తుంది." నాన్న వలను దూలానికి వేలాడదీసి వేటకే వెళ్ళడం మానేశాడు. మేము కూడా ఉత్త పిండే తినడం మొదలుపెట్టాం.

నేను వదినకు చెప్పాను. "కుబుసం విడుస్తుంది," అంది. "కళ్ళు మళ్ళీ తేటపడతాయి. అంతదాకా ఏమీ పెట్టకు. విడిచాక పెట్టు."

"అప్పుడు తినకపోతే?"

ఆమె గుడ్డ పిండుతోంది. అవి ఆమె నెల గుడ్డలు. మా ఇంట్లో వాటిని చీకటితో ఉతికి, పొయ్యింటి వెనక పాత గోనెల చాటున ఆరేస్తారు. మగవాళ్ళ కంట, వలల దరిదాపుల్లో పడకూడదు. ఆ పూట పని ఎక్కువై ఆమె వెలుతురులో ఉతుకుతోంది.

"వదినా, అవి నాయనమ్మకు చూపిస్తే అయిపోతుందిగా," అన్నాను.

"ఏవి?"

నేను గుడ్డల వైపు చూపించాను.

"ఇన్నేళ్ళూ ఇవి ఎవరికీ కనపడకూడదన్నారు. ఇప్పుడు పట్టుకెళ్ళి పరిచి చూపించాలా?" ఆమె నవ్వింది. "నన్ను అడగలేదు నిల్జా. పాముని అడిగారు. దాన్నే చెప్పనీ."

నేను ఊరుకుని ఉండాల్సింది. నీళ్ళు తేటగా లేవు, మబ్బు పట్టి ఉంది, గుడ్డలు అప్పటికే పిండేసి ఉన్నాయి, ఏమీ సరిగ్గా కనపడలేదు.

"నిజంగా వచ్చిందా వదినా?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. నది అవతల దోనె ఎవరిదో గుర్తుపట్టబోయి, మనది కాదని తెలిసినప్పుడు చూస్తామే, అలా. తరువాత బకెట్టు ఎత్తుకుంది.

"కుబుసం మొత్తం ఒకే ముక్కగా వచ్చిందా లేదా చూసుకో," అంది. "కళ్ళ దగ్గర మిగిలిపోతే తడి గుడ్డ వేసి ఉంచు. గోకకు."

మర్నాడో ఆ మర్నాడో వదిన తమ్ముడు దోనె వేసుకుని వచ్చాడు. ఆమె కబురు ఎప్పుడు పంపిందో మాకు తెలియదు. బట్టల మూట, తురుము పలక పట్టుకుని మెట్లు దిగింది. ఆ పలక వాళ్ళ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. నాన్న స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"వాడొస్తే ఏం చెప్పమంటావమ్మా?"

"పాముని అడగమనండి మామయ్యా."

నాయనమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. నేను మెట్ల పైన ఉన్నాను. దోనె తిరిగేటప్పుడు వదిన తల ఎత్తుతుందేమో అనుకున్నాను. ఆమె తమ్ముడితో పడవ మూలన నీళ్ళు తోడమని ఏదో చెబుతోంది. చెట్ల మధ్యకు వెళ్ళి కనపడకుండా పోయారు.

"చూశారా," అంది నాయనమ్మ లోపలినుంచి. "తప్పు లేనిదైతే పోతుందా?"

నేను కొట్టులోకి వెళ్ళి పిండి ఊడ్చాను.

పాము కుబుసం విడిచింది. పెంకు అంచుకు రాసుకుని, మేజోడు విప్పినట్టు, ఒకే ముక్కగా. కళ్ళ పొరలు కూడా వచ్చేశాయి. కొత్త ఒంటి మీద మచ్చలు తడిసిన మట్టి రంగులో మెరుస్తున్నాయి. నేను ఒక రోజు ఆగాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పాలనుకున్న మనిషి లేదు.

తరువాత బోనులో చిన్న ఎలుక పడింది. చంపి, పెనం అంచున వెచ్చబెట్టి, చేతులు బూడిదతో రుద్దుకుని కడుక్కుని, బద్దతో పట్టుకున్నాను. మూత పక్కకు జరిపాను. వాన పడుతోంది. పాము తల పెంకు బయటకు వచ్చింది. నాలుక ఆడింది. నేను ఎలుకను కొంచెం, ఊపిరి తీసుకున్నంత కదిపాను. మెడ వంకర తిరిగింది, ఆగింది. ఎప్పుడు కొట్టిందో నేను చూడలేదు. బద్ద నా చేతిలో ఒక్కసారి అదిరింది, అంతే. చూసేసరికి అది ఎలుక చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని ఉంది. చచ్చిన ఎలుకనే మళ్ళీ చంపుతున్నట్టు బిగించింది. తరువాత తల వైపు వెతుక్కుని, దవడలు ఒక పక్క తరువాత ఒక పక్క జరుపుకుంటూ, నెమ్మదిగా లోపలికి తీసుకుంది. చివరికి తోక మిగిలింది. అదీ పోయింది. పాము ఒకసారి ఆవులించి, పెంకు కిందికి వెళ్ళిపోయింది.

నేను మూత పెట్టి, రాయి పెట్టి, ఇంట్లోకి వెళ్ళాను.

"తింది," అన్నాను.

నాన్న ఊయలలోంచి లేచాడు. ఇద్దరూ వచ్చి చూశారు. పాము ఒంటి మధ్యలో ఉబ్బు స్పష్టంగా ఉంది. నాన్న మొహం చాలా రోజుల తరువాత విప్పారింది. నా తల మీద చెయ్యి వేశాడు. "నా తల్లే," అన్నాడు. "తిందమ్మా, చూశావా, తింది! ఇక ఆ పిల్లను పిలిపిద్దాం..."

నాయనమ్మ ఆ ఉబ్బు వైపు చాలాసేపు చూసింది.

"ఆ పిల్ల ఉన్నన్నాళ్ళూ పాము తినలేదు," అంది. "గడప దాటిపోయింది, తింది. ఇంకేం కావాలిరా నీకు?"

నాన్న చెయ్యి నా తల మీదే ఉండిపోయింది. తరువాత తీసేశాడు.

అది తిన్నది కుబుసం విడిచాక. ఎవరూ ముట్టుకోకుండా వదిలేశాక. వెచ్చబెట్టి, చంపి, బద్దతో పెట్టాక. అవన్నీ నాకు చెప్పింది ఎవరో నాకు తెలుసు. ఆ నాలుగు మాటలు చెప్పడానికి ఎంతో సేపు పట్టదు. ఇద్దరూ నా ముందే నిలబడి ఉన్నారు. నేను నేల మీద పిండి గీత వైపు చూస్తూ ఉన్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రానికే జురేమా పిన్నికి తెలిసింది. ఆమెకు తెలిస్తే నది పొడుగునా తెలిసినట్టే. పాము తింది, వలలు మళ్ళీ నీళ్ళలో పడ్డాయి, చేపలు కూడా ఒకటీ అరా దొరికాయి. ఇంట్లో అందరూ మామూలుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తురమడానికి వదిన లేదు కాబట్టి నేను తురిమేదాన్ని. పాము ఇంకోసారి తింది. మరోసారి తింది. ప్రతిసారీ నేనే పెట్టాను, ప్రతిసారీ ఆమె చెప్పినట్టే.

నీళ్ళు తీయడం మొదలుపెట్టినప్పుడు నాన్నతో వదిన వాళ్ళింటికి వెళ్తానన్నాను. నాయనమ్మ నిద్రలో ఉంది. నాన్న దోనె విప్పి, తెడ్డు నా చేతికిచ్చి, "చెప్పి చూడు," అన్నాడు. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు.

అక్కడికి వెళ్ళడం ప్రవాహం వెంట, తేలిక. వాళ్ళ ఇల్లు చిన్న పాయ ఒడ్డున ఉంది. ఇంటి ముందే, దోనెలు కట్టే చోట, దండెం మీద గుడ్డలు ఆరుతున్నాయి. గౌన్లు, చొక్కాలు కావు. మేము గోనెల చాటున ఆరేసేవి. వచ్చేపోయే వాళ్ళందరికీ కనపడేలా, ఎండ పడేలా, వరసగా. ఆ ఇంట్లో ఆమె, ముసలి తల్లి, ఆ తమ్ముడు, అంతే. నేను వాటి వైపు చూడకుండా ఉండాలనుకున్నాను, కానీ వాటి కిందనుంచే నడవాలి.

వదిన తలుపు దగ్గరకు వచ్చింది. జుట్టు కత్తిరించుకుంది. మొహం కాస్త నిండింది.

"తింది వదినా," అన్నాను.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "తిందా? ఎప్పుడు?"

"నువ్వు వచ్చేశాక. కుబుసం విడిచాక. ఒకే ముక్కగా వచ్చింది."

"నిన్ను కొరకలేదుగా?"

"లేదు. బద్దతోనే పెడుతున్నాను."

"కక్కలేదుగా?"

"లేదు. ఇప్పుడు దూలం ఎక్కుతోంది. నా మణికట్టంత అయింది."

"మంచిది," అంది. మొహం మీదికి నవ్వు రాబోయింది. అంతలోనే ఆమెకు ఏదో తట్టినట్టుంది. "నేను వచ్చేశాక తింది," అంది మెల్లగా.

నేను తల ఊపాను.

"మీ నాయనమ్మ ఏమంది?"

నేను గడప చెక్క వైపు చూశాను. చెప్పక్కర్లేకపోయింది.

"మామయ్య?"

"ఏమీ అనలేదు."

"నువ్వు?"

లోపలినుంచి వాళ్ళమ్మ ఎవరే అని అడుగుతోంది. పెనం మీద పిండి వేగుతున్న వాసన వస్తోంది. వదిన నా జవాబు కోసం ఆగింది. తొందరపెట్టలేదు. నాతో ఎప్పుడూ అలాగే ఆగేది.

"నేనూ అంతే," అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి సొరకాయ బుర్రలో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను తాగాను. బుర్ర తిరిగి తీసుకుంది.

"పొద్దు ఉండగానే వెళ్ళు. వెళ్ళేటప్పుడు ప్రవాహం ఎదురవుతుంది," అంది.

తలుపు కింద పట్టేసింది. దాన్ని కొంచెం పైకెత్తి, నెమ్మదిగా నా ముందే మూసింది. లోపల అడ్డకర్ర వేసిన చప్పుడు వినిపించింది.